ఫోనులో ఉన్నది మన ఒక్కరి గుట్టు కాదు



2020 డిసెంబరు. కరోనాతో పనులు ఆగిపోయి, చేతిలో పైసలు ఆడక జనం అల్లాడుతున్న కాలం. సరిగ్గా అప్పుడే తెలంగాణలో లోన్ యాప్‌ల బాగోతం బయటపడింది. మన కామారెడ్డి జిల్లా పక్కనే ఉన్న సిద్దిపేట జిల్లాలో, హైదరాబాద్ శివార్లలో, ఆ యాప్‌ల వేధింపులకు తాళలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. పోలీసులు హైదరాబాద్‌లోనూ, ఢిల్లీ పక్కనున్న గురుగ్రామ్‌లోనూ కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. చూస్తే ఆ అప్పులు కొన్ని వేల రూపాయలవి. వారం రోజుల్లో తిరిగి కట్టమనేవి.

ఆ వేధింపు ఎట్లా సాగిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. అప్పు తీసుకున్న మనిషికి ఫోన్ చేసి అడగడంతో వాళ్లు ఆగలేదు. అతని మేనమామకు మెసేజ్ పెట్టారు. ఆఫీసులో పెద్ద సారుకు పెట్టారు. పిల్లనిచ్చిన మామకు పెట్టారు. ఫోటో మీద ‘మోసగాడు’ అని రాసి, వాట్సాప్ గ్రూపు తెరిచి, చుట్టపక్కాలందరినీ అందులో చేర్చారు. ఆ చేరినవాళ్లలో ఎవరూ అప్పు తీసుకోలేదు. ఏ యాప్‌నూ వేసుకోలేదు. దేనికీ సరే అనలేదు. వాళ్ల నంబరు ఒకరి ఫోనులో సేవ్ అయి ఉంది, అంతే.

ఇవాళ నేను చెప్పదలచుకున్న మాట ఇదే. మన ఫోనులో ఉన్నది మన ఒక్కరి గుట్టు కాదు. మనల్ని నమ్మి నంబరు ఇచ్చిన ప్రతి మనిషిదీ అందులో ఉంది. ‘నా ఫోనులో దాచుకోవాల్సింది ఏముంది’ అని చాలామంది అంటుంటారు. వాళ్లకు దాచుకోవాల్సింది ఏమీ లేకపోవచ్చు. కానీ వాళ్ల ఫోనులో ఉన్న ఆడబిడ్డకు, అంగన్‌వాడీ టీచరుకు, దుబాయిలో ఉన్న తమ్ముడికి ఉండొచ్చు. ఫోనును సరిగ్గా పెట్టుకోవడం వాళ్లందరి పట్ల మన బాధ్యత.

ఇంతకూ ఆ యాప్ అన్ని నంబర్లను ఎట్లా పట్టుకుంది? అడిగే తీసుకుంది. యాప్ వేసుకోగానే తెర మీద ఒక చిన్న పెట్టె వస్తుంది. ‘మీ కాంటాక్ట్స్ చూడనిస్తారా’ అని అడుగుతుంది. కింద ‘అలౌ’, ‘డోంట్ అలౌ’ అని రెండు మాటలుంటాయి. డోంట్ అలౌ నొక్కితే యాప్ ముందుకు కదలదు. దవాఖానా ఖర్చుకో, కాలిపోయిన బోరు మోటారుకో పైసలు కావాల్సిన మనిషి ఆ పెట్టె ముందు ఎంతసేపు ఆలోచిస్తాడు? అలౌ అంటాడు. ఆ క్షణంలోనే లిస్టు మొత్తం ఆ కంపెనీ సర్వరుకు పోతుంది. రేపు యాప్ తీసేసినా, ఫోనే మార్చినా, పోయిన లిస్టు వెనక్కి రాదు.

ఆ తర్వాత నియమాలు వచ్చాయి. రిజర్వు బ్యాంకు 2021 జనవరిలో ఒక బృందాన్ని వేసి, 2022 సెప్టెంబరు 2న మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పులిచ్చే యాప్ మనిషి ఫోనులోని కాంటాక్ట్స్, కాల్ లిస్టు, ఫైళ్ల జోలికి పోకూడదని చెప్పింది. గూగుల్ కూడా 2023 మే 31 నుంచి ప్లే స్టోర్‌లోని లోన్ యాప్‌లు కాంటాక్ట్స్‌నూ ఫోటోలనూ చదవకూడదని కట్టడి చేసింది. ఇవి మంచి నియమాలే. అయితే వాట్సాప్‌లో ఎవరో పంపే ఏపీకే ఫైలుకు, అంటే ప్లే స్టోర్ లేకుండానే యాప్‌ను వేసే ఫైలుకు, ప్లే స్టోర్ నియమం వర్తించదు. పెళ్లి పత్రిక పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో, పీఎం కిసాన్ పేరుతో అలాంటి ఫైళ్లు తిరుగుతున్నాయని పోలీసులు ఎన్నోసార్లు హెచ్చరించారు.

కాబట్టి యాప్ దగ్గరే ఆగిపోకుండా, దాని కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టం సంగతి చూడాలి. ఏ యాప్ కూడా తనంతట తాను మన కాంటాక్ట్స్ తీయలేదు. కెమెరా తెరవలేదు. అది సిస్టంను అడుగుతుంది, సిస్టం ఇస్తుంది. అంటే అసలు నిర్ణయం జరిగేది సిస్టంలో. ఆ సిస్టం ఎవరి మాట వింటుంది? ఫోను కొన్న మనిషి మాటా, తయారు చేసిన కంపెనీ మాటా?

ఆండ్రాయిడ్‌లో రెండు పొరలున్నాయి. కింది పొర పేరు ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్. దాని కోడ్‌ను ఎవరైనా చదవచ్చు, మార్చవచ్చు, ఫోనులో వేసుకోవచ్చు. పై పొరలో గూగుల్ ప్లే సర్వీసెస్, ప్లే స్టోర్, ఫోను కంపెనీ తరఫున ముందే వేసి ఇచ్చే యాప్‌లు ఉంటాయి. షాపులో కొన్న ఫోనులో ఈ పై పొరకు మామూలు యాప్‌లకు లేని అధికారాలుంటాయి. వాటిలో చాలావాటిని తీసేయడానికి వీలుండదు.

2021 అక్టోబరులో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి చేసిన ఒక పరీక్ష వివరాలు బయటపెట్టారు. శాంసంగ్, షియోమీ, రియల్‌మీ, హువావే ఫోన్లతో పాటు లినేజ్, ఈ-ఓఎస్ అనే రెండు వేరే ఆండ్రాయిడ్లను తీసుకున్నారు. సెట్టింగులన్నీ వీలైనంత తగ్గించి, ఫోనును వాడకుండా పక్కన పెట్టి, అది ఎవరెవరికి ఏమేం పంపుతుందో చూశారు. ఈ-ఓఎస్ ఒక్కటి తప్ప మిగతావన్నీ ఖాళీగా పడి ఉన్నప్పుడు కూడా తయారీ కంపెనీకో, గూగుల్ వంటి ఇతర కంపెనీలకో చెప్పుకోదగినంత సమాచారం పంపుతూనే ఉన్నాయని తేలింది. మనం మంచం పక్కన పెట్టి పడుకున్నా దాని పని అది చేసుకుంటూనే ఉందన్నమాట.

దీనికి మందు వెతికినవాళ్లు ఆ కింది పొరను తీసుకుని, మనిషి గోప్యతకు పెద్దపీట వేసే సిస్టంలు తయారు చేశారు. ఇందాక చెప్పిన ఈ-ఓఎస్ ఫ్రాన్సుకు చెందిన గేల్ దువాల్ మొదలుపెట్టింది. అంతకు ముందు మాండ్రేక్ లినక్స్ అనే కంప్యూటరు సిస్టం తయారు చేసింది కూడా ఆయనే. 2016 డిసెంబరులో సైనోజెన్‌మాడ్ అనే వేరే ఆండ్రాయిడ్ మూతపడితే దాని కోడ్ నుంచి లినేజ్ పుట్టింది. కెనడాకు చెందిన డేనియల్ మికే 2014లో మొదలుపెట్టిన పని 2019 నుంచి గ్రాఫీన్ ఓఎస్ పేరుతో నడుస్తోంది. మన దేశంలో ఐఐటీ మద్రాసు అండతో తయారైన భరోస్ 2023 జనవరిలో జనం ముందుకు వచ్చింది. ముందే వేసిన యాప్‌లు ఏవీ ఉండకపోవడం దాని ప్రత్యేకత. అయితే దాన్ని భద్రత బాగా అవసరమైన సంస్థల కోసం ఉద్దేశించారు. మన హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్లు తెలుగులో లినక్స్ తెచ్చి, కంప్యూటరు మీద హక్కు వాడుకునేవాడిదే అని ఏళ్ల తరబడి కాలేజీ పిల్లలకు చెబుతూ వస్తున్నారు. ఇదంతా ఒకే ఆలోచన నుంచి వచ్చిన పని.

వీటిలో భద్రత విషయంలో నాకు అన్నిటికన్నా నమ్మకం కుదిరింది గ్రాఫీన్ మీద. కారణం చెబుతాను. లోన్ యాప్ అడిగిన ఆ చిన్న పెట్టె దగ్గరికే మళ్లీ వెళ్దాం.

గ్రాఫీన్‌లో ఒక యాప్ కాంటాక్ట్స్ అడిగినప్పుడు ‘అలౌ’, ‘డోంట్ అలౌ’ అనే రెండు దారులతో పాటు మూడోది ఒకటి కనిపిస్తుంది. దాని పేరు కాంటాక్ట్ స్కోప్స్. అది నొక్కామనుకోండి, తనకు అనుమతి దొరికిందనే యాప్ అనుకుంటుంది. లిస్టు తెరిచి చూస్తే అందులో ఒక్క పేరూ ఉండదు. అనుమతి లేదని మొరాయించడానికి దానికి వీలుండదు, తీసుకుపోవడానికీ ఏమీ ఉండదు. మనకు కావాలంటే ఇద్దరు ముగ్గురి పేర్లు మాత్రం ఏరి అందులో పెట్టొచ్చు. మిగతా ఊరంతా దాని కంటికి ఆనదు. ఫోటోలకు, ఫైళ్లకు కూడా ఇదే పద్ధతి ఉంది. దాన్ని స్టోరేజ్ స్కోప్స్ అంటారు. 2020లో ఆ అప్పులు తీసుకున్నవాళ్ల చేతిలో ఈ మూడో దారి ఉండి ఉంటే ఆ వాట్సాప్ గ్రూపులకు నంబర్లే దొరికేవి కావు.

ఇంకా ఉన్నాయి. యాప్ వేసుకునేటప్పుడే దానికి ఇంటర్నెట్ ఇవ్వాలా వద్దా అని గ్రాఫీన్ అడుగుతుంది. కాలిక్యులేటరుకు, టార్చిలైటుకు నెట్ ఎందుకు? ఆపేస్తే సిగ్నల్ లేని చోట ఉన్నట్టే ఆ యాప్ నడుస్తుంది. ఫోను కదలికలను పసిగట్టే సెన్సర్లను కూడా యాప్ వారీగా ఆపొచ్చు. ఎవరైనా ఫోను లాక్కుపోతే, దాన్ని 18 గంటల పాటు ఎవరూ తెరవకపోతే తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. అట్లా అయ్యాక మన పిన్ కొట్టేదాకా లోపలి డేటా ఎన్‌క్రిప్షన్‌లోనే ఉంటుంది. ఆ 18 గంటలను మనం తగ్గించుకోవచ్చు కూడా. మెడ మీద కత్తి పెట్టి పిన్ చెప్పమన్నప్పుడు వాడేందుకు రెండో పిన్ పెట్టుకోవచ్చు. అది కొడితే ఫోనులోని డేటా అంతా తిరిగి రాకుండా చెరిగిపోతుంది. ఈ చివరిది పెట్టుకునే ముందు బాగా ఆలోచించుకోవాలి. ఇంట్లో పిల్లలు పొరపాటున కొడితే పోయింది పోయినట్టే.

గ్రాఫీన్ వేసుకోవడం ఎట్లా? ముందుగా గూగుల్ తయారుచేసే పిక్సెల్ ఫోను కావాలి. గూగుల్ నుంచి దూరం జరగడానికి గూగుల్ ఫోనే ఎందుకు అని అడుగుతారు. పిక్సెల్‌లో వేరే సిస్టం వేసుకోనిస్తారు. వేసుకున్నాక, ఫోను ఆన్ కాగానే సిస్టంను లేపే బూట్‌లోడర్‌కు మళ్లీ తాళం వేసుకోనిస్తారు. తాళాలు దాచే ప్రత్యేకమైన చిప్ అందులో ఉంటుంది. 2023లో వచ్చిన పిక్సెల్ 8 నుంచి ఏడేళ్ల పాటు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ మాట ఇచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఆ ఫోనుకు అప్‌డేట్లు ఇంకా ఎన్నాళ్లున్నాయో, బూట్‌లోడర్ తెరుచుకుంటుందో లేదో చూసుకునే పైసలివ్వండి.

ఫోను, డేటా పోయే మంచి కేబుల్, క్రోమ్ బ్రౌజరున్న కంప్యూటరు ముందు పెట్టుకోండి. ఫోనులోని ఫోటోలు, నంబర్లు వేరే చోట దాచుకోండి, ఎందుకంటే ఈ పనిలో ఫోను పూర్తిగా ఖాళీ అవుతుంది. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి పోయి బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో ఓఈఎం అన్‌లాకింగ్ ఆన్ చేయండి. ఫోను ఆఫ్ చేసి, వాల్యూమ్ తగ్గించే బటన్ పట్టుకుని మళ్లీ ఆన్ చేస్తే బూట్‌లోడర్ తెర వస్తుంది. కేబుల్ కలిపి, కంప్యూటరులో గ్రాఫీన్ వెబ్ ఇన్‌స్టాలర్ తెరవండి. అన్‌లాక్, డౌన్‌లోడ్, ఫ్లాష్, లాక్ అని ఒకదాని కింద ఒకటి బటన్లుంటాయి. వరుసగా నొక్కుతూ పోవడమే. అన్‌లాక్, లాక్ దగ్గర మాత్రం ఫోను మనల్ని ఖాయం చేయమని అడుగుతుంది. వాల్యూమ్ బటన్‌తో ఎంచుకుని, పవర్ బటన్‌తో సరే అనాలి.

చాలామంది కొత్త తెర కనిపించగానే పని అయిపోయిందనుకుని చివరి లాక్ వదిలేస్తారు. అది వదలొద్దు. బూట్‌లోడర్‌కు తాళం పడితేనే, ఫోను ఆన్ అయిన ప్రతిసారీ సిస్టం అసలుదా, ఎవరైనా మార్చిందా అని చిప్ సరిచూస్తుంది. తాళం లేకపోతే ఫోను చేతికి చిక్కినవాడు సిస్టంనే మార్చేయగలడు. తాళం వేశాక ఓఈఎం అన్‌లాకింగ్‌ను కూడా ఆఫ్ చేసేయండి. ఇకమీదట ఫోను ఆన్ చేసినప్పుడల్లా ‘ఇందులో వేరే ఆపరేటింగ్ సిస్టం ఉంది’ అని పసుపు రంగు గుర్తుతో ఒక హెచ్చరిక కాసేపు కనిపిస్తుంది. దానికి భయపడాల్సిన పనిలేదు. నచ్చకపోతే గూగుల్ ఇచ్చిన పాత సిస్టంను తిరిగి వేసుకునే దారి కూడా తెరిచే ఉంటుంది.

కొత్త సిస్టంలో ప్లే స్టోర్ ఉండదు. అవసరమైతే గ్రాఫీన్ సొంత యాప్ స్టోర్ నుంచి వేసుకోవచ్చు. అప్పుడు గూగుల్ సర్వీసులకు ప్రత్యేక అధికారాలేవీ ఉండవు. మిగతా యాప్‌ల లాగే ప్రతిదీ మనల్ని అడిగి తీసుకోవాల్సిందే. నా సలహా ఏమిటంటే రెండు ప్రొఫైళ్లు పెట్టుకోండి. ఒకే ఇంట్లో వేరే తాళాలున్న రెండు గదుల వంటివి ఇవి. ఒక దాంట్లో కాల్స్, మెసేజ్‌లు, కుటుంబం ఫోటోలు. రెండో దాంట్లో ప్లే స్టోర్, బ్యాంకు, యూపీఐ. ఈ గదిలోని యాప్‌కు ఆ గదిలోని కాంటాక్ట్స్ కనిపించవు. యూపీఐ యాప్ మొదట మన సిమ్ నుంచి ఒక మెసేజ్ పంపి నంబరు సరిచూసుకుంటుంది కాబట్టి, ఆ ప్రొఫైల్‌కు కాల్స్, ఎస్సెమ్మెస్ వాడుకునే అనుమతి ఇవ్వడం మర్చిపోవద్దు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. కొన్ని బ్యాంకు యాప్‌లు గూగుల్ ధ్రువీకరించిన సిస్టం అయితేనే తెరుచుకుంటాయి. మీ బ్యాంకు యాప్ నడుస్తుందో లేదో ముందే కనుక్కోండి. గూగుల్ పేలో ఫోనును మిషనుకు ఆనించి పైసలు కట్టే పద్ధతి గ్రాఫీన్‌లో పనిచేయదు. పిక్సెల్ కాని ఫోన్లలో లినేజ్ వేసుకోవచ్చు కానీ, వాటిలో చాలావాటికి ఆ తర్వాత బూట్‌లోడర్ తాళం మళ్లీ పడదు. ఫోను ఎవరి చేతికైనా చిక్కితే అది పెద్ద లోటు. మరికొన్ని కంపెనీలు బూట్‌లోడర్‌ను అసలు తెరవనే తెరవనివ్వవు.

మన జిల్లాలోని మాచారెడ్డి చౌరస్తాలో ఒక మొబైల్ షాపు దగ్గర సాయంత్రం పూట కూర్చోవడం నాకు అలవాటు. గజ్యానాయక్ తండా నుంచి, చుక్కాపూర్ నుంచి, పాల్వంచ నుంచి వచ్చేవాళ్ల చేతిలో పిక్సెల్ ఫోను కనిపించడం అరుదు. పది పన్నెండు వేల ఫోన్లే ఎక్కువ. అందుకే ఆ ఫోన్లలోనే ఎంత కట్టుదిట్టం చేసుకోవచ్చో కూడా చెప్పడం నా బాధ్యత.

ఒకరోజు బీడీలు చేసే ఒక పెద్దమ్మ ఫోను వేడెక్కుతోందని షాపుకు తెచ్చింది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో పర్మిషన్ మేనేజర్ తెరిచి కాంటాక్ట్స్ మీద నొక్కాను. అనుమతి ఉన్న యాప్‌ల లిస్టు వచ్చింది. వాట్సాప్ ఉంది, సరే. దాని కింద రింగ్‌టోన్ల యాప్. ఫోటోలకు ఫ్రేములు కట్టే యాప్. క్యాలెండర్ యాప్. టార్చిలైటు. అవన్నీ ఆమెకు చదివి వినిపించాను. ఫోనులో ఎవరెవరి నంబర్లున్నాయని అడిగితే వరుసగా చెప్పింది. మస్కట్‌లో కొడుకు, బీడీ కార్ఖానా, ఆశా కార్యకర్త, పాల కేంద్రం, సంఘం లీడరు, కోత మిషను డ్రైవరు, సిరిసిల్లలో అక్క. కాసేపు తెర వైపు చూసి అడిగింది, “టార్చిలైటుకు మా అక్క నంబరు ఎందుకు బిడ్డా?” అని. నేను ఇంత సేపు చెప్పిందంతా ఆమె ఒక్క మాటలో అడిగేసింది. ఒక్కొక్క పేరు మీద నొక్కి డోంట్ అలౌ పెడుతూ పోయాం. అన్ని యాప్‌లూ ముందటి లాగే నడిచాయి. అంటే వాటికి ఆ లిస్టుతో పనే లేదు.

మీరు కూడా ఇట్లా చేయండి. పర్మిషన్ మేనేజర్‌లో కాంటాక్ట్స్ తర్వాత ఎస్సెమ్మెస్, కాల్ లాగ్స్ చూడండి. ఓటీపీలు వచ్చేది ఎస్సెమ్మెస్ లోకే. మెసేజ్‌ల యాప్, ఫోన్ యాప్, బ్యాంకు, యూపీఐ యాప్‌లు తప్ప వేరేవి అక్కడ ఉండకూడదు. మైక్, కెమెరా, లొకేషన్‌లకు ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అని పెట్టండి. లొకేషన్‌లో ‘ప్రిసైజ్’ ఆపేస్తే మీరు ఏ వాడలో ఉన్నారో తెలియదు, సుమారుగా ఏ ప్రాంతమో తెలుస్తుంది. వాతావరణం చెప్పే యాప్‌కు అది చాలు. తెర పైమూలన ఆకుపచ్చ గుర్తు వెలిగితే కెమెరానో మైకో నడుస్తోందని అర్థం. మీరు వాడనప్పుడు అది వెలిగితే వెంటనే ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ తెరిచి ఏ యాప్ వాడిందో చూడండి. ఆండ్రాయిడ్ 12 నుంచి ఈ వసతి ఉంది.

తర్వాత స్పెషల్ యాప్ యాక్సెస్‌లోకి పోండి. అక్కడ ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అని ఉంటుంది. అందులో వాట్సాప్ ముందు ఆన్ ఉంటే ఇప్పుడే ఆఫ్ చేయండి. పెళ్లి పత్రిక పేరుతో వచ్చిన ఏపీకే ఆ దారినే లోపలికి దూరుతుంది. యాక్సెసిబిలిటీలో చూపు సరిగా లేనివాళ్ల కోసం ఉద్దేశించిన సేవలుంటాయి. దొంగ యాప్‌లు ఆ అనుమతి సంపాదించి తెర మీద ఉన్నదంతా చదివి, మన బదులు వాటంతట అవే నొక్కుతాయి. తెలియని పేరు అక్కడ ఉంటే ఆపేయండి. నోటిఫికేషన్ యాక్సెస్ కూడా అంతే. లాక్ చేసిన తెర మీద మెసేజ్‌లోని సంగతి కనిపించకుండా పెట్టండి. ప్రకటనల కోసం ఉండే అడ్వర్టయిజింగ్ ఐడీని డిలీట్ చేయండి. ఇంటర్నెట్ అక్కర్లేని యాప్‌లకు నెట్ ఆపాలంటే నెట్‌గార్డ్ అనే యాప్ మామూలు ఫోనులోనూ పనిచేస్తుంది. పిల్లలకు ఆటకు ఫోను ఇవ్వాలంటే, అందులో ఆ వసతి ఉంటే, గెస్ట్ ప్రొఫైల్ తెరిచి ఇవ్వండి.

ఇక గల్ఫ్ సంగతి. కామారెడ్డి, ఎల్లారెడ్డి, సిరిసిల్ల ప్రాంతాల్లో గల్ఫ్‌కు పోయినవాళ్లున్న ఊళ్లు ఎన్నో. యూఏఈలో వాట్సాప్ కాల్స్ నడవవు కాబట్టి అక్కడివాళ్లు వేరే వేరే కాలింగ్ యాప్‌లు వెతుక్కుంటారు. 2019లో టోటాక్ అనే యాప్ అట్లాగే వచ్చింది. ఉచితం, వీడియో స్పష్టంగా వస్తుంది. లక్షల మంది వేసుకున్నారు. 2019 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక, అమెరికా నిఘా అధికారుల మాటగా, ఆ యాప్ యూఏఈ ప్రభుత్వానికి గూఢచర్య సాధనమని రాసింది. కంపెనీ ఆ ఆరోపణను కాదంది. ఆపిల్, గూగుల్ రెండూ తమ స్టోర్ల నుంచి దాన్ని తీసేశాయి. అందులో నిజం ఎంతన్నది పక్కన పెట్టినా, కొడుకు ముఖం చూడటానికి తల్లి ఏ యాప్‌కైనా అలౌ నొక్కుతుందన్నది మాత్రం నిజం. ఆమెను యాప్ మానేయమనడం న్యాయం కాదు. ఆ యాప్‌కు కెమెరా, మైక్ ఇచ్చి, కాంటాక్ట్స్, లొకేషన్, ఫైళ్లు ఆపితే చాలు. అడ్డం తిరిగితే దాన్ని వేరే ప్రొఫైల్‌లో ఒక్క కొడుకు నంబరుతో పెట్టొచ్చు.

గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లల్లో ఫోటోల గ్యాలరీ మీద కూడా శ్రద్ధ ఉండాలి. పాస్‌పోర్టు, వీసా కాగితం, ఆధార్, పాస్‌బుక్, భూమి పట్టా, అన్నీ ఫోటోలు తీసి అందులోనే దాస్తారు. ఆండ్రాయిడ్ 14 నుంచి యాప్ ఫోటోలు అడిగితే ‘సెలెక్ట్ ఫోటోస్’ అని, కావాల్సిన ఫోటోలు మాత్రమే ఇచ్చే వీలుంది. ఎప్పుడూ అదే వాడండి.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 2017 ఆగస్టు 24న జస్టిస్ పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. కంపెనీల మీద పడే అసలు బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. అదే నవంబరు చివర కేంద్ర టెలికాం శాఖ కొత్త ఫోన్లన్నిటిలో సంచార్ సాథీ యాప్‌ను ముందే వేసి అమ్మాలని కంపెనీలకు చెప్పింది. పోయిన ఫోను గురించి ఫిర్యాదు చేయడానికి పనికొచ్చే యాప్ అది. అయినా, నా ఫోనులో ఏముండాలో నేను చెప్పాలి కదా అని దేశమంతా ప్రశ్నలు లేచాయి. డిసెంబరు 3న ప్రభుత్వం ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. మంచి యాప్ అయినా సరే, మనిషిని అడిగి వేయాలన్న మాట ఆ రోజు నిలబడింది. అడిగేవాళ్లుంటే చట్టం నిలబడుతుంది. అడగాలంటే ముందు మనకు మన ఫోను తెలిసి ఉండాలి.

ఎవరైనా మోసపోతే, పైసలు పోతే, లోన్ యాప్ వేధిస్తే, 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే పైసలు ఆపడానికి అంత వీలుంటుంది. చుట్టాలకు మెసేజ్‌లు పోయాయని సిగ్గుపడి మూలన కూర్చోవద్దు. నంబర్లు దొంగిలించింది వాళ్లు, తప్పు వాళ్లది. ఇంట్లోవాళ్లకు చెప్పండి, ఆ మెసేజ్‌లు దాచి పోలీసులకు చూపించండి.

చివరగా ఒక కోరిక. కామారెడ్డిలో డిగ్రీ చదివే పిల్లలు, ఐటీఐ చేసిన పిల్లలు మన ఊళ్లల్లో చాలామంది ఉన్నారు. స్తోమత ఉన్నవాళ్లు గ్రాఫీన్ వేసుకుని నేర్చుకోండి. నేర్చుకున్నది మీ దగ్గరే పెట్టుకోకండి. మహిళా సంఘం సమావేశం జరిగే రోజున ఒక్క గంట అడిగి తీసుకోండి. రైతువేదికలో పది మందిని కూర్చోబెట్టండి. పర్మిషన్ మేనేజర్ ఎక్కడుందో, కాంటాక్ట్స్ లిస్టులో ఏయే యాప్‌లున్నాయో ఎవరి ఫోనులో వాళ్లే తెరిచి చూసేట్టు చేయండి. మీరే ఫోను తీసుకుని నొక్కేయొద్దు, వాళ్ల చేతే నొక్కించండి. ఎందుకో చెప్పి నొక్కిస్తే, మరో కొత్త యాప్ అడిగినప్పుడు మీరు పక్కన లేకపోయినా వాళ్లే ఆలోచించుకుంటారు. ఒక ఊళ్లో ఒక్క ఫోను భద్రమైతే అందులో పేరున్న వందల మంది కొంత భద్రమైనట్టు. ఊళ్లో ఫోన్లన్నీ భద్రమైతే, ఆ యాప్‌లవాళ్లకు మన ఊరి దారే తెలియదు.

ఈ పని రేపటికి వాయిదా వేయాల్సింది కాదు. ఈ ప్రసంగం అయిపోగానే మొదలుపెట్టండి.